బాపు, 48 రూపాయల 50 పైసలు, మూడు ఆదివారాల స్టోరీ వర్క్‌షాప్: నా రివ్యూ

ముందే చెప్తున్న, ఇది ఫ్రీ పాస్ తీసుకుని రాస్తున్న రివ్యూ కాదు, 1,950 రూపాయలు మా బాపు, అంటే మా నాయన, తన జేబులకెళ్లి క్యాష్ కట్టిండు, నేను పక్కన కూర్చునే మనిషిగా పోయిన, పక్కన కూర్చునేటోళ్లకు ఫీజు లేదు. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిల ఒక కమ్యూనిటీ హాల్, ఫస్ట్ ఫ్లోర్, మూడు ఆదివారాలు, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. మామూలు మనుషులు, అంటే ఎన్నడూ స్టేజీ ఎక్కనోళ్లు, ఒక్క పేజీ కథ రాయనోళ్లు, తమ జీవితంల ఒక ముచ్చటను తమ గొంతుతోనే చెప్పి, ఇంట్ల ఉన్న పాత ఫొటోలు పెట్టి, రెండు మూడు నిమిషాల వీడియో ఫోన్లనే చేసుకునేటట్టు నేర్పిస్తరు. నడిపేటోళ్లు ఐదుగురే. పేరు రాయట్లే, ఎందుకంటే కింద తిట్టేది కొంచెం ఉంది, ఐదుగురి టీమ్‌కి ఒక్క కోపం రివ్యూ పడితే నెక్స్ట్ బ్యాచ్ నిండదు. ఇట్లాంటివి సిటీల ఇప్పుడు అక్కడక్కడ నడుస్తున్నయి కాబట్టి మీరు ఎవరి దగ్గరికి పోయినా పనికొచ్చేటట్టు రాస్త.

బాపు గురించి జర చెప్పాలె. ఆర్టీసీ కండక్టర్, ముషీరాబాద్ డిపో, 1981 ల చేరి 2014 ల రిటైర్ అయిండు. ఇంట్ల పెండ్లైనా, పురుడైనా, ఎవరి దినమైనా సరే ఆయన డ్యూటీ ముచ్చట్లు నడవాల్సిందే. మా పిల్లలు ఒకప్పుడు "తాతా బస్ కథ చెప్పు" అని మీద పడేటోళ్లు, ఇప్పుడు పెద్దోడు టెన్త్, చెవులకెళ్లి ఇయర్‌ఫోన్స్ తియ్యడు. పోయినేడు బాపుకు కంటి ఆపరేషన్ అయినంక నాకే భయం పట్టుకుంది, ఇవన్నీ ఎక్కడన్న రికార్డ్ చేసి పెట్టాలె అని. ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఆయన బిగుసుకుపోతడు, నేను కొశ్చన్లు అడుగుడు రాక "ఇంకేం బాపు" అంటుంటా, ఆయన "ఇంకేముంది బిడ్డా" అంటడు, అయిపోయిందంతే.

దీనికంటే ముందు ఒక స్టూడియో వాళ్ల దగ్గరికి కూడా పోయినం, జీవిత కథ వీడియో చేసిస్తమని బోర్డు పెట్టుకున్నరు. 40 వేల ప్యాకేజీ, అందుల డ్రోన్ షాట్ కూడా ఉంటదట. కండక్టర్ కథల డ్రోన్ ఎందుకయ్యా అని బాపు అడిగితే "గ్రాండ్‌గా ఉంటది అంకుల్" అన్నడు ఆ పిలగాడు. మాటలు వాళ్లే రాస్తరట, ఒక యాంకర్ వచ్చి చదువుతదట. అంటే 33 ఏండ్లు రైట్ రైట్ అని అరిసిన గొంతు పక్కకు పెట్టి, ఎవరో అమ్మాయి సీరియల్ గొంతుతోని "ఆయన ఒక సామాన్య కండక్టర్" అని చదువుతది. అడ్వాన్స్ ఇయ్యకుండ చాయ్ తాగి వచ్చినం.

ఇగ ఈ వర్క్‌షాప్. మొదటి ఆదివారం కెమెరా, ల్యాప్‌టాప్ ఏదీ తియ్యలే, నాకు కొంచెం అనుమానం కూడా వచ్చింది. తొమ్మిది మందిని గుండ్రంగా కుర్చీలేసి కూర్చోబెట్టి ఒక్కొక్కరిని చెప్పమన్నరు. రూల్స్ రెండే, ఒకరు చెప్తుంటే నడుమ మాట్లాడొద్దు, అయిపోయినంక "నేనైతేనా" అని మొదలుపెట్టొద్దు. రెండోది పాటించుడు మనోళ్లకు ఎంత కష్టమో ఆ రోజు చూసిన, ఒక పెద్దాయన నాలుగు సార్లు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నడు. ఈ గుండ్రంగా కూర్చునే పద్ధతి వీళ్లు కనిపెట్టింది కాదు, అది వాళ్లే ఒప్పుకున్నరు. 1990లల్ల శాన్‌ఫ్రాన్సిస్కోల జో లాంబర్ట్, డానా ఆచ్లీ వాళ్లు ఇట్లనే జనాలను కూర్చోబెట్టి వాళ్ల ఫొటోలతోని, వాళ్ల గొంతుతోని చిన్న చిన్న సినిమాలు చేయించుడు మొదలుపెట్టిన్రు, వాళ్లు పెట్టిన సంస్థకే తర్వాత స్టోరీ సెంటర్ అని పేరొచ్చింది. 2001 నుంచి కొన్నేండ్లు బీబీసీ వాళ్లు వేల్స్‌ల ఊరూరు తిరిగి ఇదే పని చేసిన్రు. వర్క్‌షాప్ నడిపించే అక్క ఇవన్నీ రెండు నిమిషాలల్ల చెప్పి వదిలేసింది, స్లైడ్లు గట్ల ఏం లేవు, దానికి ఒక మార్కు ఎక్కువేసిన.

బాపు వంతు రాగానే గొంతు సవరించుకుని "1932 ల నిజాం స్టేట్ రైల్వే కింద 27 బస్సులతోని, 166 మంది స్టాఫ్‌తోని మన సంస్థ మొదలైంది" అని యూనియన్ మీటింగ్ లెక్క అందుకున్నడు. అక్క ఐదు నిమిషాలు ఓపిగ్గా విన్నది. విని, "అంకుల్, అది ఫోన్ల కొడితే దొరుకుతది. డ్యూటీ దిగి ఇంటికొచ్చినంక మీకు నిద్ర పట్టని రాత్రి ఏదన్న ఉందా?" అని అడిగింది. బాపు ఆగిండు. ఆర్టీసీ గురించి మాట్లాడుకుంట ఈ మనిషి నడుమ ఆగుడు నేనైతే ఎన్నడూ చూడలే.

అప్పుడు చెప్పిండు. 1989. సికింద్రాబాద్ నుంచి కోఠి పోయే బస్, పొద్దున మొదటి ట్రిప్పు. ఒకామె చంకల పిల్లనేసుకుని ఎక్కి రూపాయిన్నర టికెట్టుకు 50 నోటు ఇచ్చింది. మొదటి ట్రిప్పుల చిల్లర ఎక్కడిది, టికెట్ వెనక 48.50 అని రాసిచ్చి దిగేటప్పుడు తీసుకో అమ్మా అన్నడు. టికెట్ వెనక రాసిన చిల్లర మర్చిపోయి దిగని మనిషి హైదరాబాద్‌ల ఉన్నడా అసలు, నేనే ఎన్నిసార్లు పోగొట్టుకున్ననో. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ కాడ జనం మీద పడ్డరు, నారాయణగూడ వైఎంసీఏ స్టాప్‌ల ఆమె ముందు డోర్ నుంచి దిగిపోయింది, బాపు వెనక ఇరుక్కుపోయి ఉన్నడు. "ఓల్డాన్ ఓల్డాన్" అని అరిసి బస్ ఆపించి దిగి చూస్తే ఆమె లేదు.

ఇక్కడ కండక్టర్ల ఇండ్లల్లనే తెలిసే ముచ్చట ఒకటుంది. బ్యాగుల క్యాష్ తక్కువొస్తే తప్పే, ఎక్కువొచ్చినా తప్పే. అమ్మిన టికెట్లు, స్టేజీ స్టేజీకి ఎస్.ఆర్. అనే లెక్కల కాగితం మీద రాసిన టికెట్ నంబర్లు, చేతిల పైసలు, ఈ మూడు కలవాలె. డ్యూటీ ఎక్కేముందు సొంత పైసలు ఎన్ని ఉన్నయో కూడా రాసుకోవాలె. చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు 48.50 ఎక్కువ కనపడితే టికెట్టియ్యకుండ పైసలు తీసుకున్నవ్ అనే అనుమానం ముందొస్తది. అందుకని బాపు ఆ పైసలు డిపోల ఎక్కువొచ్చిన క్యాష్ కింద కట్టేసిండు. కట్టి ఇంటికొచ్చి, తన జీతంలకెళ్లి అంతే 48.50 తీసి ఒక ఖాకీ కవర్‌ల పెట్టి, దాని మీద ఎర్ర పెన్నుతోని తారీఖు, స్టేజీ పేరు రాసి బీరువల పెట్టిండు. ఆమె మళ్లీ కనపడితే ఇస్తా అని. వారం రోజులు వైఎంసీఏ కాడ బస్ ఆగినప్పుడల్ల ఫుట్‌బోర్డ్ మీద నిలబడి చూసేటోడట. ఆ 50 నోటు ఆమె దగ్గర ఉన్న ఆఖరి నోటేమో అని ఒకటే ఆలోచనట.

ఆ కవర్ ఇంకా బీరువల ఉంది. మా అమ్మకు తెలుసు. నాకు 38 ఏండ్లొచ్చినయి, అదే ఇంట్ల పుట్టి పెరిగిన, నేను ఎన్నడూ వినలే, ముక్కు మొహం తెల్వని ఎనిమిది మంది నడుమ కమ్యూనిటీ హాల్ల కూర్చుని విన్న. ఆ ఒక్క కొశ్చన్‌కే 1,950 వసూలైపోయినయి, మిగతాదంతా బోనస్ అనుకున్న ఆ రోజైతే.

మిగతావాళ్ల కథలు వాళ్లవి, నేను చెప్పొద్దు, కానీ ఒకటి మాత్రం చెప్త, ఆమెను అడిగే రాస్తున్న. అశోక్‌నగర్‌ల ఉండే ఒక పెద్దమ్మ, 2000 ఆగస్టు వరదల వాళ్ల ఇంట్లకు నీళ్లొచ్చినయి. యాదుండే ఉంటది, బేగంపేటల ఒక్క రోజుల 24 సెంటీమీటర్ల వాన పడ్డది. పెండ్లి ఆల్బమ్‌తో సహా ఒక్క ఫొటో మిగలలేదట ఆమెకు. ఫొటోల మీద నడిచే వర్క్‌షాప్‌ల ఫొటోనే లేని మనిషి ఏం చెయ్యాలె? వీళ్లు ఆమె చేతికి చాక్‌పీసు, నల్ల చార్ట్ ఇచ్చి పాత ఇంటి ప్లాన్ గియ్యమన్నరు, ఇది వంటిల్లు, ఇది బావి, ఇక్కడిదాకా నీళ్లు, అని ఆమె గీస్తుంటే పైనుంచి చెయ్యి మాత్రమే తీసిన్రు. మొత్తం బ్యాచ్‌ల బాగొచ్చిన వీడియో అదే, మా బాపుది కూడా కాదు.

ఒక లోటు ఇక్కడే ఉంది. ముషీరాబాద్ నుంచి ఒక టైలర్ ఆంటీ వచ్చింది, ఆమె చెప్పిందంతా ఉర్దూ. మాకు ఉర్దూ అర్థమైతది, హైదరాబాదోళ్లం, కానీ టీమ్‌ల ఇద్దరు పిల్లలకు సగం కూడా అర్థం కాలే, ముఖాలు చూస్తేనే తెలుస్తుంది. ముషీరాబాద్ పక్కన పెట్టుకుని ఉర్దూ వచ్చిన మనిషి ఒక్కరు లేకుండ బ్యాచ్ ఎట్ల నడుపుతరు? ఆమె రెండో ఆదివారం వాళ్ల మేనకోడలిని తోలుకొచ్చుకుంది, ఆ పిల్లనే వచ్చి పనంతా చేసింది.

రెండో ఆదివారం స్క్రిప్టు, రికార్డింగు. మూడు నిమిషాలకు మించొద్దంటే దాదాపు 250, 300 మాటలల్ల చెప్పాలె. బాపు ఇంటికాడ లాంగ్ నోట్‌బుక్‌ల పదకొండు పేజీలు రాసుకొచ్చిండు, అందుల ఆరు పేజీలు అప్పటి డిపో మేనేజర్ గురించే ఉన్నయి. కట్ చేసుడు మంచిగ నేర్పిన్రు, పైకి చదువు, చదువుతుంటే ఎక్కడ నీకే బోర్ కొట్టిందో అక్కడ పెన్సిల్‌తోని గీత గియ్యి, అంతే. బాపు మొదటి గీత డిపో మేనేజర్ మీదనే గీసిండు, ఆ గీత గీసినప్పుడు ఆయనకెంత తృప్తో.

తిట్టాల్సింది కూడా ఆ రోజే జరిగింది. టైప్ చేసే తమ్ముడు ఒకడు, మంచోడే, ఓపిక ఉన్నోడే, కానీ బాపు రాసిందంతా "సరి" చేసిండు. "ఆమె దిగిపోయింది, నేను అరిసిన, ఎనకకు సూడలే" అని ఉన్నది కాస్త "ఆవిడ దిగిపోయారు, నేను కేకలు వేశాను, ఆవిడ వెనుదిరిగి చూడలేదు" అయ్యింది. చిల్లర కాస్త "మిగిలిన సొమ్ము" అయ్యింది. టికెట్ వెనక మిగిలిన సొమ్ము రాసిచ్చే కండక్టర్‌ను మీరెక్కడన్న చూసిన్రా? బాపు అది పట్టుకుని చదివితే రేడియోల ప్రాంతీయ వార్తలు వచ్చినట్టుంది, మొఖం ఎర్రగైంది, పైకి మాత్రం ఏమనలే, చదువుకున్నోళ్లు రాసింది కరెక్టే ఉంటదేమో అన్నట్టు మూడు సార్లు ప్రాక్టీస్ చేసిండు కూడా. నాకు అది చూసి కడుపు మండింది. ఇండ్ల మాట్లాడుకునే భాష బయట మైకు ముందు తప్పైపోవుడు బాపు స్కూల్ల చూసిండు, సినిమాలల్ల చూసిండు, డెబ్బై ఏండ్లకు దగ్గరైనంక పైసలు కట్టి మళ్లీ చూడాల్నా? తమ్ముడిని పక్కకు పిలిచి అడిగితే "అందరికీ అర్థం కావాలి కదా అక్కా" అన్నడు. ఎవరా అందరు అంటే చెప్పలేకపోయిండు.

లంచ్ అయినంక అక్క వచ్చి విషయం తెల్సుకుని ఆ కాగితం మడిచి బ్యాగుల పెట్టుకుంది. "అంకుల్, అసలు కాగితం వద్దు, ఆ రోజు మీ డ్రైవర్‌కు ఎట్ల చెప్పిన్రో నాకట్ల చెప్పండి" అన్నది. ఒక్క టేక్‌ల అయిపోయింది. రెండు గంటలు మాత్రం వేస్ట్. ఇది నడిపించేటోళ్లందరికీ చెప్తున్న, మీ వాలంటీర్లకు ఎడిటింగ్ యాప్ నేర్పేముందు ఈ ముచ్చట నేర్పించండి.

ఒక్క టేక్‌ల అయిపోయింది అన్న కదా, కాలే నిజానికి. మైకు కాలర్ దగ్గర పెట్టేది, పొడుగు వైరు ఉన్నది, దాని మీద ఒక చిన్న స్విచ్ ఉంటది, ఫోన్ సైడు, కెమెరా సైడు అని. అది కెమెరా సైడుకు ఉంది, మేమెవ్వరం చూడలే. అంత మంచిగ చెప్పిండు, ప్లే చేస్తే సౌండ్ లేదు. బాపు ఒక్క మాట అన్నడు, "టికెట్ కొట్టినం గానీ మిషన్ల రోల్ లేదు" అని. రెండోసారి చెప్పింది కూడా బాగుంది, కానీ ఆ మొదటిది నా చెవులల్లనే ఉండిపోయింది. మీరు ఇంట్ల చేసుకున్నా సరే, అర నిమిషం రికార్డ్ చేసి, విని, ఆ తర్వాతే మనిషిని కథ మొదలుపెట్టమనండి.

రికార్డింగ్ రూమ్ అంటే ఏందో అనుకునేరు, హాల్ వెనక పరుపులు, షామియానా బట్టలు పెట్టే స్టోర్ రూమ్. నవ్వొచ్చింది కానీ సౌండ్ అక్కడే బాగొస్తది, బట్టలు గొంతు గూనలకెళ్లి వచ్చినట్టు కాకుండ ఆపుతయి. ఇంట్లనైతే బట్టలున్న బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చున్నా చాలు అన్నరు. ఫ్యాన్ బంద్, ఫోన్ ఫ్లైట్ మోడ్, మైకు గదవకు ఒక జానెడు కింద. ఇన్ని చేసినా ఆదివారం బాగ్‌లింగంపల్లిల సైలెన్స్ ఎక్కడిది, స్టీల్ బ్రిడ్జి వచ్చి వీఎస్‌టీ దాకా రెండుంపావు కిలోమీటర్లు పైనుంచి పోతున్నరు గానీ కింద గల్లీలల్ల హారన్లు ఏం తగ్గలే. కరెక్టుగ "ఆమె లేదు" అనే మాట కాడ కిందికెళ్లి పాత ఇనుప సామాన్లు కొంటం అని ఆటో మైకు. మళ్లీ చెప్దామా అంటే బాపు ఉండనీ అన్నడు. ఉంచిన్రు, ఇప్పుడు ఆ వీడియోల నాకు నచ్చే సౌండ్ అదే.

ఫొటోల గురించి వాళ్లు చెప్పింది మీకు ఫ్రీగా చెప్త. ఆల్బమ్ ప్లాస్టిక్ కవర్ మీదికెళ్లి ఫొటో తియ్యొద్దు, మెరుస్తది, ఫొటో బయటికి తీసి కిటికీ దగ్గర పగటి వెలుతుర్ల, ఫ్లాష్ లేకుండ, ఫోన్ సరిగ్గ పైన పట్టుకుని తియ్యాలె. అతుక్కుపోయిన ఫొటోను గుంజొద్దు. స్కానర్ ఉంటే చిన్న ఫొటోలకు 600 డీపీఐ పెట్టాలె. వాట్సాప్‌ల పంపితే డాక్యుమెంట్ కింద పంపాలె, మామూలుగ పంపితే క్వాలిటీ పడిపోతది, మా తమ్ముడు ఖమ్మం నుంచి పంపిన బాపు యూనిఫామ్ ఫొటో అట్లనే మసకైపోయి మళ్లీ పంపించుకున్న.

ఖాకీ కవర్‌ను ఎట్ల తియ్యాలె అన్నదాని మీదనే గంట పట్టింది. బాపు కుర్చీల కూర్చుని కవర్ విప్పుతుంటే వీడియో తీసే పిల్ల నిలబడి పైనుంచి తీస్తుంది. అక్క వచ్చి "సంఘం షాట్ పెట్టు" అన్నది. ఏందది అంటే అప్పుడు చెప్పింది, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లు, ఎక్కువమంది దళిత మహిళా రైతులు, చానా మందికి చదువు రాదు, కెమెరా నేర్చుకుని సొంతంగా సినిమాలు తీసిన్రు. వాళ్లు కెమెరా యాంగిల్స్‌కు తమ పేర్లు పెట్టుకున్నరు, పైనుంచి కిందికి చూసే ఊరి దొర చూపు లాంటిదానికి పటేల్ షాట్, సంఘంల అందరు ఒక్కతీరుగ కూర్చున్నట్టు కండ్ల ఎత్తుల పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘం రేడియో కూడా వాళ్లదే, 2008 అక్టోబర్ 15 న మొదలైంది. మన దగ్గర నుంచి రెండు, రెండున్నర గంటల దూరంల ఇంత పని జరిగితే నాకు తెల్వదు, శాన్‌ఫ్రాన్సిస్కో ముచ్చట మాత్రం ముందు చెప్పిన్రు. మొదటి రోజే పస్తాపూర్‌తోని మొదలుపెట్టి ఉంటే బాపు నిజాం రైల్వే కాడ తిరిగేటోడే కాదేమో.

సరే, ఆ పిల్ల కింద కూర్చుని తీసింది. కవర్‌లకెళ్లి నాలుగు పది నోట్లు, ఒక ఐదు నోటు, మూడు రూపాయి నోట్లు, రెండు పావలాలు. నోట్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నయి, బాపు బొటనవేలు నాలుక మీద పెట్టుకుని, కండక్టర్లు టికెట్ చింపేటప్పుడు పెట్టుకున్నట్టే, ఒక్కోటి విడదీసి తొడ మీద పేర్చిండు. మిషన్లొచ్చినంక ఆ అలవాటు పోయింది అనేటోడు, పోలే. పావలాలు 2011 నుంచే చెల్లవు. "ఇప్పుడు ఆమె వస్తే 48 యే ఇయ్యగల్గుత, అర్ధ రూపాయి బాకీ" అన్నడు. అది స్క్రిప్టుల లేదు, వీడియోల ఆఖరికి అదే పెట్టినం.

మూడో ఆదివారం ఎడిటింగ్, ఇది నన్నడిగితే వీక్. మీరే చేసుకునేటట్టు నేర్పిస్తం అన్నరు, తొమ్మిది మందికి మూడు ల్యాప్‌టాప్‌లు, మిగతావాళ్లు ఫోన్ల చేసుకోండి అన్నరు, ఫ్రీ యాప్‌ల మూలకు వాళ్ల ముద్ర పడ్తది, అది తియ్యాలంటే పైసలు కట్టాలె. బాపు లాంటోళ్లకు చిన్న స్క్రీన్ మీద ఫొటోలు జరుపుడు ఎట్ల వస్తది, చివరికి వాలంటీర్లే కూర్చుని చేసిపెట్టిన్రు. చేసిపెట్టుడు తప్పు కాదు, కానీ అట్లయితే అట్లనే చెప్పాలె. తెలుగుల సబ్‌టైటిల్స్ ఫోనే దానంతట అది రాస్తది అని గొప్పగ చూపించిన్రు, "ఎస్.ఆర్. రాసుకున్న" అన్నది "ఎస్ సార్ రాసుకున్న" అని వచ్చింది, "ఓల్డాన్" ఏమో "ఓర్డాన్" అయింది. అన్నీ చేత్తోనే మళ్లీ కొట్టినం నేనూ ఆ తమ్ముడూ, అదే తమ్ముడు, ఈసారి ప్రతి మాటకు బాపును అడిగి కొట్టిండు. ఒక ఏడుపు ఫ్లూట్ మ్యూజిక్ కూడా పెట్టబోయిన్రు, బాపు వద్దన్నడు, బస్సుల ఫ్లూట్ ఎక్కడిది అని.

అన్నిటికంటే కోపమొచ్చింది సంతకాల కాగితం. రెండు పేజీలు, మొత్తం ఇంగ్లీష్. తెలుగు కథలు చెప్పించే చోట కాగితం తెలుగుల ఉండొద్దా? నేను చదివి చూస్తే వీడియోను వాళ్లు ఎక్కడైనా, ఎట్లైనా, కోసి అయినా వాడుకోవచ్చు అని ఒక లైను. అడిగితే "ఊరికే ఫార్మాలిటీ అక్కా, అందరు పెట్టిన్రు" అన్నరు. అందరు చదవకుండ పెట్టిన్రు. ఆ లైను కొట్టేసి పక్కన "చూపించే ముందు ప్రతిసారి అడగాలె" అని తెలుగుల రాసి సంతకం పెట్టించిన. అయినా నాలుగు రోజులకు ఇరవై సెకన్ల రీల్ పెట్టిన్రు, నోట్లు లెక్కపెట్టే ముక్క, మీద ఆ ఫ్లూటే. అక్కకు ఫోన్ చేస్తే గంటల తీసేసింది, రెండుసార్లు సారీ చెప్పింది, బాపుకు విడిగా ఫోన్ చేసి కూడా చెప్పింది. అది మంచి గుణమే. కానీ నేను చూడకపోతే? వరదల ఇల్లు పోయిన పెద్దమ్మకు రీల్ అంటే ఏందో కూడా తెల్వదు. మీరు ఎక్కడికి పోయినా సరే, వీడియో ఎవరిది, ఒరిజినల్ సౌండు, ఫొటోలు అన్నీ పెన్‌డ్రైవ్‌ల ఇస్తరా, వద్దంటే తీస్తరా, ఈ మూడు ముందే అడగండి. వీళ్లు పెన్‌డ్రైవ్ ఇచ్చిన్రు, అన్నీ ఉన్నయి, సౌండ్ లేని ఆ మొదటి టేక్ కూడా ఉంది.

మిగతావి గబగబ చెప్త. మెట్లు ఎత్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నోళ్లకు కష్టం. బాత్రూమ్ కింద. లంచ్ మనదే, చాయ్ వాళ్లది, చాయ్ బాగుంది, ఉస్మానియా బిస్కెట్లు మాత్రం మూడో వారం మెత్తపడ్డయి. పార్కింగ్ గురించి అడగకండి. యాభై నిమిషాల డాక్యుమెంటరీ కావాలన్నోళ్లు, వంశవృక్షం మొత్తం రికార్డ్ కావాలన్నోళ్లు పోకండి, ఒక్క ముచ్చట, మూడు నిమిషాలు, అంతే దొరుకుతది. ఐదుకు మూడున్నర ఇస్తున్న, ఆ కాగితం తెలుగు చేసి, ఉర్దూ వచ్చిన మనిషిని పెట్టుకుంటే నాలుగున్నర.

ఆఖరి రోజు సాయంత్రం అందరివి గోడ మీద వేసి చూపించిన్రు. బాపుది అయిపోయినంక ఎవరు చప్పట్లు కొట్టలే, టైలర్ ఆంటీ మాత్రం "భాయ్ సాబ్, వో ఔరత్ కో యాద్ భీ నై హోంగా" (ఆమెకు యాది కూడా ఉండదు) అన్నది. బాపు "నాకుంది గదమ్మా" అన్నడు. మా పెద్దోడు ఇంటికాడ చూసిండు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే చూసిండు, చూసి లేచిపోయి బీరువా తాళం ఎక్కడుంది అమ్మమ్మా అని అడిగిండు.

బస్‌లనే ఇంటికొచ్చినం ఆ రోజు. ఆడోళ్లకు బస్ ఫ్రీ కాబట్టి నాకు జీరో టికెట్ కొట్టిచ్చిండు కండక్టర్ పిలగాడు, బాపు ఆ టికెట్ నా చేతిలకెళ్లి తీసుకుని ముందూ వెనకా తిప్పి చూసి, "ఇప్పుడైతే ఆమెకు నోటు తియ్యాల్సిన పనే లేకుండె" అన్నడు.

అన్నట్టు ఫీజు ముచ్చట ఒకటి మిగిలింది. ఫోన్‌పే చేస్త అంటే బాపు వినలే, నాలుగు 500 నోట్లు ఇచ్చిండు. వాళ్ల దగ్గర 50 చిల్లర లేదు, రసీదు వెనక 50 అని రాసి, పోయేటప్పుడు తీసుకోండి అంకుల్ అన్నరు. మూడు ఆదివారాలు అయిపోయినయి, మేం అడగలే, వాళ్లియ్యలే. రసీదు ఖాకీ కవర్‌ల ఉంది.